నూనె కరకర, ఎండ కరకర: మరాఠీ ఫరాళ్ మీద ఒక విమర్శ

"సంప్రదాయం" అనే మాట ఎక్కడ కనపడినా, ముందు "ఎవరి సంప్రదాయం?" అని అడగాలి. దళిత విమర్శ మనకు నేర్పిన మొదటి అలవాటు ఇది. ఈ ప్రశ్నను మనం కావ్యాన్ని అడిగాం, చరిత్రను అడిగాం, దేవుణ్ణీ అడిగాం. చాయ్ పక్కన పెట్టే పళ్ళాన్ని మాత్రం పెద్దగా అడగలేదు. అదేదో ఆడవాళ్ళ వ్యవహారమనీ, తిండి యావ అనీ వదిలేశాం. కానీ కులం ఎక్కువగా పనిచేసేది నోటి దగ్గరే. ఎవరి నోటికి ఏది అందాలి, ఎవరి చేతి నుంచి అందాలి, ఏ పాత్రలో అందాలి అనే లెక్కలోనే అది రోజూ బతుకుతూ ఉంటుంది. అందుకే ఈ వ్యాసంలో మరాఠీ చిరుతిళ్ళను, అంటే చాయ్‌తో కరకరలాడిస్తూ తినే చక్లి, చివ్‌డా, శంకరపాళి, కడబోళి, శేవ్, భాకర్‌వడిని ఒక పాఠంగా చదివే ప్రయత్నం చేస్తున్నాను.

మరాఠీ వాళ్ళ తిండి గొడవ మనకెందుకు అని ఎవరైనా అడగొచ్చు. మరాఠ్వాడా జిల్లాలు 1956 దాకా మనతో పాటు హైదరాబాదు రాష్ట్రంలోనే ఉన్నాయి. షోలాపూర్ మగ్గాల మీద, భివండి పవర్‌లూమ్‌ల మీద, ముంబాయి కట్టడాల మీద తెలుగు చేతులు పనిచేశాయి, ఇప్పటికీ చేస్తున్నాయి. అంతకన్నా ముఖ్యంగా, మరాఠీ దళిత సాహిత్యం మన దళిత సాహిత్యానికి అన్న లాంటిది. అక్కడి వంటింటిని చదివితే మన వంటిల్లు కూడా కొంత అర్థమవుతుంది.

ముందు ఈ తినుబండారాల తయారీ చూద్దాం. చక్లికి భాజణి కావాలి. బియ్యం, శనగపప్పు, మినప్పప్పు, ధనియాలు, జీలకర్ర వేటికవి వేయించి, కలిపి పట్టించిన పిండే భాజణి. ఆ పిండిలో కాగిన నూనె పోస్తారు. దాన్ని మోహన్ అంటారు. అది తక్కువైతే చక్లి రాయిలా అవుతుంది, ఎక్కువైతే నూనెలో విడిపోతుంది. పిండిని సోర్యాలో, అంటే మన మురుకుల గొట్టం లాంటి దాంట్లో పెట్టి చుట్లు చుట్లుగా వొత్తి, మంట మరీ పెంచకుండా, నూనెలో బుడగలు తగ్గేదాకా ఆగి తియ్యాలి. అదే భాజణిని చేత్తో తాల్చి గాజులా చుడితే కడబోళి, మన చేగోడీకి చుట్టం. పల్చటి అటుకులు, పల్లీలు, పుట్నాలు, ఎండు కొబ్బరి ముక్కలు, కరివేపాకు కలిపితే చివ్‌డా. మైదా, చక్కెర, నెయ్యి కలిపి పలకలుగా కోసి వేయిస్తే శంకరపాళి. దీపావళికి ఇవన్నీ చేసి డబ్బాలకెత్తి, వచ్చిన వాళ్ళకు పెట్టడాన్ని ఫరాళ్ అంటారు.

ఈ వర్ణనలో కులం ఎక్కడుంది? నాలుగు చోట్ల ఉంది. ఒకటి నూనె. వంటలో రెండు చుక్కల నూనె వెయ్యడం వేరు, కడాయి నిండా నూనె పోసి కాచడం వేరు. రెండోది ధాన్యం. పూట గడవని ఇంట్లో మూడు రకాల పప్పుధాన్యాలు వేయించి పిండి పట్టించడం కుదరదు. మూడోది తీరిక. కూలికి పోని రోజు ఉన్న ఇంట్లోనే బుడగలు తగ్గేదాకా పొయ్యి ముందు కూర్చునే ఆడమనిషి ఉంటుంది. నాలుగోది మూత గట్టిగా పట్టే డబ్బా. ఈ నాలుగోదాన్ని మనం మరిచిపోతాం. కరకర అనేది నిలవ ఉంచుకోగలిగిన వాడి ఆస్తి. రేపటి దాకా, వారం దాకా, పదిహేను రోజుల దాకా తిండి మిగులుతుందన్న నమ్మకమే చక్లిలో కరకరలాడుతుంది.

ఈ మాట నాకు పుస్తకాల వల్ల తట్టలేదు. మా ఊళ్ళో పండగ తెల్లారి అమ్మ దొరోళ్ళ ఇంటికి వాకిలి ఊడ్వబోయేది. వచ్చేటప్పుడు కొంగులో మురుకులో గారెలో తెచ్చేది. మా అన్నదమ్ములందరం వాటి కోసం కాచుకుని కూర్చునేవాళ్ళం. చాలా ఏండ్ల దాకా మురుకు అంటే మెత్తగా ఉండే తిండి అనే నా నమ్మకం. అది కరకరలాడాలని పట్నంలో హాస్టల్‌కు వచ్చినాక తెలిసింది. మా దాకా వచ్చేసరికి గాలి తగిలి, నూనె కంపు పట్టి, మెత్తబడేది. ఇచ్చిన వాళ్ళు దాన్ని దయ అనుకున్నారు. వాళ్ళు ఇచ్చింది తిండి కాదు, తిండిలో అయిపోయిన భాగం. మహారాష్ట్రలో మహర్లు ఇల్లిల్లూ తిరిగి తెచ్చుకున్న భాకరి ముక్కలు కూడా ఇలాంటివే. ఎంగిలిని అక్కడ ఉష్టే అంటారు. 1927 మార్చిలో మహాడ్ సభలో అంబేడ్కర్ చచ్చిన గొడ్డు మాంసం మానండి, అడుక్కునే ముక్కలు మానండి అని చెప్పింది శుచి కోసం కాదు. మిగిలిపోయింది తినేవాడు మిగిలిపోయినవాడిగానే ఉంటాడని ఆయనకు తెలుసు.

ఇక ఫరాళ్ అనే మాట చూద్దాం. ఇది ఫలాహారం నుంచి వచ్చింది. మన "పలహారం" కూడా అదే మాట. పళ్ళు లేని ఈ తిండికి ఆ పేరెందుకు? జవాబు మైల లెక్కలో ఉంది. నీళ్ళతో ఉడికిన అన్నం తొందరగా అంటుపడుతుంది, నెయ్యిలోనో నూనెలోనో వేగింది అంత తొందరగా అంటుపడదు అనేది బ్రాహ్మణీయ శాస్త్రం. ఉత్తరాదిలో దీనికి కచ్చా, పక్కా అని పేర్లు పెట్టి మరీ పాటించారు. మన మడి ఇళ్ళలోనూ అన్నం అంటు, పలహారం అంటు కాదు. అంటే పొడిగా, కరకరలాడుతూ ఉండటం ఒక్క రుచి గుణమే కాదు, కులం ప్రయాణం చెయ్యడానికి కనిపెట్టుకున్న పద్ధతి కూడా. బండిలో, రైల్లో, పరాయి ఊళ్ళో తన మడి చెడకుండా తినగలిగిన తిండి అది. పొడి తిండిని దూరం నుంచి చేతిలో వెయ్యొచ్చు, కాగితంలో పొట్లం కట్టి కింద పెట్టొచ్చు, విసిరెయ్యనూ వచ్చు. ఇచ్చేవాడి చెయ్యి పుచ్చుకునేవాడి చెయ్యికి తగలదు.

కానీ పొడి తిండికి నీళ్ళు కావాలి. అంబేడ్కర్ తన చిన్ననాటి ప్రయాణం గురించి రాసిన జ్ఞాపకం ఇక్కడ గుర్తు చేసుకోవాలి. 1901లో సతారా నుంచి తండ్రి పనిచేసే ఊరికి బయలుదేరిన ఆ పిల్లల దగ్గర తిండి ఉంది. మంచి బట్టలు ఉన్నాయి. రెట్టింపు కిరాయి ఇచ్చే డబ్బూ ఉంది. నీళ్ళు మాత్రం లేవు. అడిగినా పోసేవాడు లేడు. తిండి పక్కన పెట్టుకుని ఆకలితో పడుకున్నారు. మన సమాజంలో ఆకలికీ అంటరానితనానికీ ఉన్న తేడా అంతా ఆ రాత్రిలో ఉంది. తిండి కొనుక్కోవచ్చు, నీళ్ళు కొనుక్కోలేరు. ఆ తర్వాత 26 ఏండ్లకు ఆయన మహాడ్‌లో చవ్‌దార్ చెరువు దగ్గరికి నడిచింది ఎందుకో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు. ఆ నీళ్ళను సవర్ణులు ఆవుపేడ, ఆవుపంచితాలతో 108 కుండల లెక్కన "శుద్ధి" చేసుకున్నారు.

ఇప్పుడు చాయ్ దగ్గరికి వద్దాం. చక్లి పొడిది, చాయ్ తడిది. చక్లి అరచేతిలో పడుతుంది, చాయ్‌కి కప్పు కావాలి. కప్పు అనగానే ఎవరి పెదవి తగిలిందనే ప్రశ్న వస్తుంది. కాబట్టి "చాయ్‌తో చిరుతిండి" అని తేలిగ్గా అనేసే జోడీలో ఒక సగం కులానికి లొంగేది, ఇంకో సగం కులాన్ని ఇబ్బంది పెట్టేది. దీనికి చరిత్ర సాక్ష్యం ఉంది. 1890లో పుణెలో పంచ్‌హౌద్ మిషన్ వారి సభకు వెళ్ళిన పెద్దమనుషులకు చాయ్, బిస్కట్లు ఇచ్చారు. వాళ్ళలో తిలక్, రానడే ఉన్నారు. కొందరు తాగారు, కొందరు కప్పు ముట్టుకుని వదిలేశారు. వెళ్ళినవారి పేర్లను గోపాలరావు జోషి పత్రికకెక్కించాడు. పుణె బ్రాహ్మణ సమాజం అట్టుడికిపోయింది. వ్యవహారం శంకరాచార్యుల విచారణ దాకా పోయింది. కాశీలో ప్రాయశ్చిత్తం అయిందని తిలక్ చెప్పుకున్నాడు. సంఘ సంస్కర్త రానడే కూడా 1892లో ప్రాయశ్చిత్తం చేసుకున్నాడు. స్వరాజ్యం జన్మహక్కు అన్న నాయకుడికి ఒక కప్పు చాయ్ తాగే హక్కు కులం దగ్గర లేకపోయింది! చాయ్‌తో ఫరాళ్ అనాది మరాఠీ సంప్రదాయం అని మురిసిపోయే వాళ్ళు ఈ ఒక్క సంగతి గుర్తు పెట్టుకుంటే చాలు. ఆ సంప్రదాయంలో ఒక సగానికి నూటముప్పై ఏండ్ల కింద పాపపరిహారం చేసుకోవాల్సి వచ్చింది. మిగతా సగంలో పడే మిరపకాయా పల్లీ కూడా అమెరికా ఖండాల నుంచి సముద్రం దాటి వచ్చినవే.

దీనికి ఎదురుగా ఇంకో చాయ్ కథ ఉంది. కొల్హాపూర్‌లో శాహూ మహారాజు గుర్రపుశాలలో పనిచేసే గంగారాం కాంబ్ళే అనే మహర్, నీళ్ళు ముట్టుకున్నాడని సవర్ణ నౌకర్ల చేతిలో దెబ్బలు తిన్నాడు. శాహూ ఆ కొట్టినవాళ్ళను శిక్షించడంతో ఆగలేదు. గంగారాంతో ఊరి నడిబొడ్డున చాయ్ హోటల్ పెట్టించాడు. అంటరానివాడి చాయ్ ఎవరు తాగుతారు? శాహూ తన బండిని అక్కడ ఆపి, చాయ్ తెప్పించుకుని తాగి, వెంట ఉన్న సవర్ణ అధికారులకూ తాగించేవాడు. పుణె పెద్దలు చాయ్ తాగినందుకు ప్రాయశ్చిత్తం చేసుకుంటే, కొల్హాపూర్ రాజు చాయ్ తాగి కులానికే ప్రాయశ్చిత్తం చేయించాడు. మరాఠీ చాయ్ చరిత్ర రాయాలంటే ఈ హోటల్ నుంచి మొదలుపెట్టాలి. మన పల్లెల్లో రెండు గ్లాసుల పద్ధతి మీద పోరాడిన కార్యకర్తలకు దీని విలువ విడిగా చెప్పనక్కర్లేదు.

ఇక పుస్తకాల సంగతి. మరాఠీ మధ్యతరగతి ఇళ్ళలో పెండ్లయిన ఆడపిల్లకు ఇచ్చే పుస్తకం కమలాబాయి ఓగలే రాసిన "రుచిరా". 1970లో కిర్లోస్కర్ వారు వేశారు. లక్ష ప్రతులు దాటిన వంటల పుస్తకం అది. దాని గొప్పదనాన్ని కాదనడం నా ఉద్దేశం కాదు. అత్తగారి దయ మీద ఆధారపడిన విద్యను ఇంట్లో ఉండే గిన్నెల, చెంచాల కొలతల్లోకి దించి, ఎవరైనా నేర్చుకునేలా చెయ్యడం ఒక మేలు. కానీ ఆ "ఎవరైనా"లో ఎవరున్నారు? డబ్బాల నిండా పప్పులు, కడాయి నిండా నూనె, ఊడ్చి అలికిన వంటిల్లు ముందే ఉన్నాయనుకుని ఇలాంటి పుస్తకాలన్నీ మొదలవుతాయి. ఆ వంటింటికి "మరాఠీ వంటిల్లు" అని పేరు పెట్టగానే మిగతావన్నీ మరాఠీ కాకుండా పోతాయి. ఒక కులం తిండి భాష మొత్తానికీ ప్రతినిధి కావడమే ఆధిపత్యం. మనకూ "ఆంధ్ర భోజనం" అనగానే ఏ విస్తరి గుర్తొస్తుందో ఆలోచించుకోవాలి.

ఈ మౌనాన్ని బద్దలు కొట్టిన పుస్తకం శాహూ పటోళే 2015లో మరాఠీలో రాసిన "అన్న హే అపూర్ణబ్రహ్మ". అన్నమే పూర్ణబ్రహ్మ అనే మాటను తిరగేసి, అది అపూర్ణం అన్నాడాయన. మరాఠ్వాడా మహర్, మాంగ్ ఇళ్ళ వంటలను పద్ధతులతో సహా రాశాడు. 2024లో భూషణ్ కోర్‌గావ్‌కర్ దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చాడు. నూనె, నెయ్యి, పాలు అందని వంటిళ్ళు అవి. అంటే ఫరాళ్‌కు ఏవేవి కావాలో సరిగ్గా అవే లేని ఇళ్ళు. మరి ఆ ఇళ్ళలో కరకర లేదా? ఉంది. అక్కడ చాన్యా ఉంది. గొడ్డు మాంసాన్ని పొడుగ్గా కోసి తాళ్ళ మీద ఎండబెట్టి దాచుకుంటారు. కాల్చుకునీ వేయించుకునీ తింటారు. మన ఎండు తునకలే అవి. మన తల్లులు దండెం మీద ఆరేసి, కాకులకు కాపలా కాసిన తునకలు.

నేను చెప్పదలచిన అసలు మాట ఇది: మరాఠీ కరకర ఒకటి కాదు, రెండు. ఒకటి నూనెలో పుట్టిన కరకర, రెండోది ఎండలో, నిప్పు మీద పుట్టిన కరకర. మొదటిది మిగులు నుంచి వచ్చింది, రెండోది రేపటి భయం నుంచి వచ్చింది. షోలాపూర్ కడక్ భాకరి కూడా ఈ రెండో కుటుంబానిదే. జొన్న రొట్టెను, సజ్జ రొట్టెను పెళుసుగా అయ్యేదాకా ఆరబెట్టి రోజుల తరబడి నిలవ చేసుకున్నారు. ఇప్పుడది పల్లీల పొడితో పాటు పొట్లాల్లో అమ్ముడుపోతోంది. రొట్టెకు అంగడి దొరికింది. చాన్యాకు దొరికింది ఏమిటి? చట్టం. పటోళే పుస్తకం వచ్చిన 2015లోనే, మహారాష్ట్ర పశుసంరక్షణ సవరణ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. ఆవుతో పాటు ఎద్దు, కోడె వధ కూడా నేరమైంది. అయిదేండ్ల దాకా జైలు, పదివేల జరిమానా. వేరే రాష్ట్రం నుంచి తెచ్చిన మాంసం దగ్గర ఉండటం కూడా నేరమన్న భాగాన్ని 2016 మే నెలలో బొంబాయి హైకోర్టు కొట్టేసింది, వధ మీద నిషేధాన్ని మాత్రం ఉంచింది. ఒక కరకరకు పండగ, ఇంకో కరకరకు పోలీసు. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియాలో బీఫ్ ఫెస్టివల్ జరిపిన విద్యార్థుల మీద రాళ్ళు ఎందుకు పడ్డాయో తెలిసిన మనకు ఇది కొత్త కాదు.

తినేవాళ్ళ గురించే కాదు, పండించేవాళ్ళ గురించీ మాట్లాడాలి. శంకరపాళిలో చక్కెర ఉంది. ఆ చక్కెర కోసం బీడ్ లాంటి మరాఠ్వాడా జిల్లాల నుంచి ఏటా దళితులు, వంజారీలు ఆలుమగలు జంటగా పశ్చిమ మహారాష్ట్రకు చెరుకు కొట్టబోతారు. పని దినం పోకూడదని ఆ ఆడవాళ్ళు గర్భసంచులు తీయించుకుంటున్నారన్న సంగతి 2019లో దేశమంతా తెలిసింది. చాయ్‌లో ఆకు ఉంది. దాని వెనక తోటల్లో ఆదివాసీ, దళిత కూలీల తరాలు ఉన్నాయి. పళ్ళెం ముందు కూర్చుని "ఎంత బాగుందో" అనేవాడికి ఈ చేతులు కనపడవు. వంటల పుస్తకం కావలసిన సరుకుల పట్టికతో మొదలవుతుంది. ఆ సరుకులు ఎవరు తెచ్చారన్న పట్టిక ఏ పుస్తకంలోనూ ఉండదు.

అమ్మకం సంగతీ అంతే. పుణె చితళే వారి భాకర్‌వడి 1970ల నుంచి ఇంటి పేరు మీద పేరు తెచ్చుకుని, ఇప్పుడు యంత్రాల మీద తయారై విదేశాలకు పోతోంది. వాళ్ళ పనితనాన్ని తప్పుపట్టనక్కర్లేదు. కానీ మన దేశంలో కొన్ని ఇంటి పేర్లు శుచికి పూచీకత్తుగా పనిచేస్తాయి, కొన్ని ఇంటి పేర్లు బోర్డు మీద రాస్తే గిరాకీ రాదు. బడి పిల్లల మధ్యాహ్న భోజనం వండే పనిలో దళితులకు, ఆదివాసీలకు ప్రాధాన్యం ఇవ్వాలని 2004లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఆ తర్వాత కూడా దళిత స్త్రీ వండిందని పిల్లల్ని తిననివ్వని ఊళ్ళ వార్తలు వస్తూనే ఉన్నాయి. చేతి రుచి అంటాం. చేతికి కులం ఉన్న దేశంలో చేతి రుచికీ కులం ఉంటుంది.

అయితే చక్లిని బహిష్కరించాలా? అలా అనడం తేలిక, తప్పు కూడా. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బౌద్ధం తీసుకున్నాక, దీపావళి చెయ్యాలా వద్దా, ఫరాళ్ వండాలా వద్దా అనే వాదన అంబేడ్కరైట్ ఇళ్ళలో నడిచింది. కొందరు పూర్తిగా మానేశారు, కొందరు జయంతికి వండుకుంటున్నారు. ఏది సరైందో తీర్పు చెప్పే పని మగ కార్యకర్తలు, మనలాంటి పరిశోధకులు తలకెత్తుకోకూడదు. కడాయి ముందు కూర్చునేది వాళ్ళు కాదు. తన డబ్బుతో నూనె కొని, తన ఇంట్లో, తన పిల్లల కోసం చక్లి వొత్తే దళిత స్త్రీ బ్రాహ్మణ్యాన్ని అనుకరించడం లేదు. ఇన్నాళ్ళూ మెత్తబడినాక అందినదాన్ని కరకరలాడుతుండగా తీసుకుంటోంది. అది హక్కు.

ఇంకో ప్రమాదం వేరే వైపు నుంచి ఉంది. పటోళే పుస్తకం ఇంగ్లీషులోకి వచ్చాక దళిత వంట మీద పత్రికలకు మోజు పుట్టింది. రేపు చాన్యా ఏ పెద్ద హోటల్ పళ్ళెంలోనో కొత్త రుచిగా రావొచ్చు. దాన్ని ఎండబెట్టిన ఆమె మాత్రం కేసుల భయంతో దండెం లోపలికి తీసుకోవాల్సి రావొచ్చు. మన తిండికి మెచ్చుకోలు ఒక్కటే చాలదు. దాన్ని దాచుకోకుండా తినే హక్కు, మన పేరుతో అమ్ముకునే హక్కు కావాలి.

కాబట్టి ఈ పత్రిక చదివే విద్యార్థులకూ టీచర్లకూ ఒక పని సూచిస్తున్నాను. మన వాడల్లో ఇంకా బతికున్న అవ్వల దగ్గర కూర్చుని, ఏది ఎండబెట్టేవాళ్ళు, ఏది కాల్చేవాళ్ళు, ఏది ఎన్ని రోజులు నిలవుండేది, పండగ తెల్లారి ఎవరి ఇంటి నుంచి ఏం వచ్చేది, ఏ గిన్నెలో వచ్చేది అని అడిగి, వాళ్ళ మాటల్లోనే రాసుకోవాలి. ఆ పేర్లు నిఘంటువుల్లో లేవు. ఆ అవ్వలు పోతే అవీ పోతాయి. పటోళే మరాఠ్వాడాకు చేసిన పని తెలంగాణకూ ఆంధ్రకూ ఎవరో ఒకరు చెయ్యాలి. అవ్వలను అడగబోయినప్పుడు వాళ్ళిచ్చిన చాయ్ వాళ్ళ కప్పులోనే తాగి రావాలని మాత్రం వేరే కులాల మిత్రులకు విడిగా చెప్తున్నాను.